నోరు విప్పి ఔననలేదు

కృష్ణా జిల్లా నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరం పది రోజులుగా నా బల్లమీద వుంది. వెంటనే జవాబు రాయకపోవడానికి కారణం తీరిక లేకపోవడం కాదు. ఒకరోజు చదివితే ఆవిడ చెప్పింది సబబే ననిపించేది. మరునాడు చదివితే కాదనిపించేది. ఊరూ పేరూ వేయవద్దన్నారు గనుక వేయడం లేదు. సంగతి మాత్రం చెబుతాను. ఇలాంటిది ఏ ఇంటికైనా వచ్చేదే.

వారిది మూడు తరాలుగా క్రైస్తవ కుటుంబం. భర్త ఉపాధ్యాయులు. ఊరి చివర 200 గజాల స్థలం భార్యాభర్తలిద్దరి పేరా వుంది. అమ్మాయికి మెడికల్ కాలేజీలో సీటు వచ్చింది. ఫీజుల కోసం స్థలం అమ్మేద్దామనుకున్నారు. వెనక వీధిలో బట్టలు కుట్టే షాపు పెట్టుకున్నాయన వచ్చి అడిగారు. 18 లక్షలకు మాట అయింది. పండుగలు వెళ్ళాక రిజిస్ట్రేషను పెట్టుకుందామన్నారు. బయానా పుచ్చుకోలేదు, కాగితం రాసుకోలేదు. "మీకూ మాకూ మధ్య కాగితాలెందుకండీ" అన్నారట మాస్టారు. రెండు నెలలు తిరిగేసరికి అటువైపు బైపాసు రోడ్డు పడుతుందని తెలిసింది. ఒక బ్రోకరు ఇల్లు వెతుక్కుంటూ వచ్చి 27 లక్షలు ఇప్పిస్తానన్నాడు. 18 లక్షలు రెండేళ్ళ ఫీజుకు సరిపోతాయి. తరువాత అప్పే గతి. మాస్టారు మాత్రం "నేను మాట ఇచ్చాను" అని ఊరుకున్నారట. ఇంట్లో మాటలు తగ్గిపోయాయి.

ఆవిడ అడిగిన ప్రశ్నలు ఆవిడ మాటల్లోనే ఇస్తాను. "కాగితం లేదు, బయానా లేదు, దేవుని పేర ఒట్టు పెట్టలేదు. మరి ఇది మాట ఎలా అవుతుంది? ఆయన మాట నిలబడడానికి నా కూతురి చదువు బలి కావాలా, యెఫ్తా కథలోలాగ? అయినా మాట ఇచ్చింది ఆయన. నేను టీ గ్లాసులు పట్టుకొచ్చి నిలబడ్డాను. తల వూపానేమో గాని నోరు విప్పి ఔననలేదు."

సంతకం పెట్టేశాక, కాగితం వెనకవైపు రెండు పంక్తులు వున్నాయి. "ఆ టైలరుగారి భార్య ఈ డబ్బుకోసం గాజులూ గొలుసూ అమ్మేసిందట. ఇది రాయకూడదనుకున్నాను."

మొదట ఒట్టు సంగతి చూద్దాం. పిల్లవాడు "అమ్మతోడు" అన్నాడంటే అంతకు ముందు చెప్పినదాంట్లో ఏదో తేడా వుందని ప్రతి తల్లికీ తెలుసు. ఒట్టు పెట్టిన మాట నిజమైతే, ఒట్టు పెట్టని మాట మాటేమిటి? ఈ చిన్న ప్రశ్న పట్టుకుని ఇంగ్లండులో కొన్ని వేలమంది జైళ్ళకు వెళ్ళారు. వాళ్ళు మీ క్రైస్తవులే సుమండీ, క్వేకర్లని పేరు. అది మొదట లోకులు వెక్కిరింతకు పెట్టిన పేరు, వణికేవాళ్ళని అర్థం. వాళ్ళకు వాళ్ళు మిత్రుల సమాజమని చెప్పుకుంటారు.

ఆ సమాజానికి మూలపురుషుడు జార్జి ఫాక్సు. 1624లో పుట్టాడు. చెప్పులు కుట్టేవాడి దగ్గర పని నేర్చుకున్న మనిషి. కొండమీద ప్రసంగంలో ఏసు అసలు ఒట్టే పెట్టుకోవద్దన్నాడు, ఔనంటే ఔను, కాదంటే కాదు, అంతటితో చాలునన్నాడు గదా. అందరూ చదివి పేజీ తిప్పేసే ఆ ముక్కను ఫాక్సూ అతని వెంట వచ్చినవాళ్ళూ ఉన్నది ఉన్నట్టుగా పట్టుకున్నారు. కోర్టులో గాని, రాజుగారి ముందు గాని ప్రమాణం చేయమన్నారు. అబద్ధమాడతామని కాదు. ప్రమాణం చేస్తే, తక్కిన వేళల్లో చెప్పేది అంత నిజం కాదని ఒప్పుకున్నట్టవుతుందని.

ప్రభుత్వానికి ఇది మంచి సాధనంగా దొరికింది. క్వేకరు మీద నేరం రుజువు కాకపోతే, రాజభక్తి ప్రమాణం చేయమని అడిగేవారు. చేయడు గనుక ఆ కారణంమీదే జైలు. 1662లో ఇందుకోసం ప్రత్యేకంగా చట్టమే చేశారు. అబద్ధాలకోరు గబగబా ప్రమాణం చేసి ఇంటికి వెళ్ళేవాడు. నిజం చెప్పేవాడు జైలుకు వెళ్ళేవాడు. ఇంతకంటె విడ్డూరం ఏముంటుంది?

మార్గరెట్ ఫెల్ అనే ఆవిడ ఒక న్యాయాధిపతి భార్య. పెద్ద ఇల్లు, ఏడుగురు కూతుళ్ళు, ఒక కొడుకు. భర్త 1658లో పోయాడు. 1664లో తన ఇంట్లో ప్రార్థన సభలు జరగనిస్తున్నదని ఆవిడను కోర్టుకు పిలిచారు. రాజభక్తి ప్రమాణం చేస్తే చిక్కు వదిలిపోయేది. ఆవిడకు రాజుమీద ద్వేషమేమీ లేదు. అంతకు నాలుగేళ్ళ క్రితం లండను వెళ్ళి రెండవ చార్లెసును స్వయంగా కలుసుకుని, తన వాళ్ళు కత్తి పట్టేవాళ్ళు కారని చెప్పి వచ్చిన మనిషి. విధేయత వుంది, ప్రమాణం మాత్రం చేయనంది. యావజ్జీవ ఖైదూ, ఆస్తి జప్తూ శిక్షగా వేశారు. నాలుగేళ్ళు లాంకాస్టరు కోట జైల్లో వుండి 1668లో బయటికి వచ్చింది. నోటినుంచి రెండు వాక్యాలు రానివ్వకపోయినందుకు నాలుగేళ్ళు! ఇంటి దగ్గర అంతమంది పిల్లల్ని పెట్టుకుని ఆవిడ ఆ రాళ్ళ గదిలో ఏమనుకుని వుంటుందా అని నేను చాలాసార్లు అనుకున్నాను.

చివరకు ప్రభుత్వమే తగ్గింది. ప్రమాణానికి బదులు నిశ్చయంగా చెబుతున్నానంటే చాలునని 1696లో సివిల్ వ్యవహారాలకు ఒప్పుకుంది. ఆ మాటల్లోనూ దేవుని పేరు దూర్చారని కొందరు క్వేకర్లు అదీ కాదన్నారు! 1722లో ఆ మాటలు సడలించారు. క్రిమినల్ కేసుల్లో సాక్ష్యానికి 1828 దాకా ఆగవలసి వచ్చింది. పార్లమెంటు సంగతి సరేసరి. జాన్ ఆర్చ్‌డేల్ అనే క్వేకరు 1698లో ఎన్నికయి కూడా ప్రమాణం చేయనన్నందుకు సీటు పోగొట్టుకున్నాడు. 1833లో జోసెఫ్ పీజ్ ప్రమాణం లేకుండా లోపల కూర్చున్నాడు. మధ్య 130 ఏళ్ళకు పైగా గడిచిపోయాయి.

మన దేశంలో గంగాజలంమీద, ఖురానుమీద ప్రమాణం చేయమని సాక్షుల్ని బలవంతపెట్టడం 1840 చట్టంతో పోయింది. ఇప్పుడు అమలులో వున్న 1969 ప్రమాణాల చట్టంలో వున్న పాఠం చూస్తే, దేవుని పేర ప్రమాణమైనా చేయవచ్చు, నిశ్చయంగా చెబుతున్నాననైనా అనవచ్చు. గ్రంథం ప్రసక్తి లేదు. సినిమాల్లో హీరో భగవద్గీతమీద చెయ్యి వేయడం మాత్రం ఇంకా పోలేదనుకోండి!

కాబట్టి సోదరీ, ఒట్టు పెట్టలేదు గనుక మాట కాదనడం మీ గ్రంథాన్ని బట్టి చూస్తే నిలిచేది కాదు. కాగితమూ బయానా కూడా ఆ ఒట్టుకు అన్నదమ్ములే. కాగితం లేకపోతే కోర్టులో రుజువు చేయడం కష్టం, అంతవరకు నిజమే. కాని మీరు నన్ను అడిగింది కోర్టులో గెలుస్తామా అని కాదు గదా. అలా అయితే ప్లీడరుగారికి రాసేవారు.

ఈ క్వేకర్లు దుకాణాలు పెట్టినప్పుడు మరొక చిక్కు తెచ్చుకున్నారు. ఆ రోజుల్లో అక్కడా మనలాగే బేరం. పది రూపాయల సరుకు పదిహేను అని చెప్పడం, కొనేవాడు ఏడు అనడం, చివరికి పది దగ్గర తెమలడం. క్వేకరు దుకాణదారు, పదికి ఇవ్వదలచుకున్నప్పుడు పదిహేను అనడం అబద్ధమే గదా అనుకున్నాడు. సరుకుకు ఒకటే ధర చెప్పేవాడు. మొదట్లో జనానికి కోపం వచ్చింది. బేరం లేకుండా కొనడమంటే మోసపోయినట్టుండదూ? దుకాణాలు ఖాళీగా వుండేవి. కొంతకాలానికి, చిన్నపిల్లను పంపినా పెద్దవాళ్ళకు ఇచ్చిన ధరకే ఇస్తున్నారని తెలిసింది. ఇక జనం ఆ దుకాణాలు వెతుక్కుంటూ వెళ్ళారు. ఈ సంగతి ఫాక్సే తన జీవిత కథలో రాసుకున్నాడు.

నేను గోంగూర కట్ట దగ్గర కూడా బేరమాడే మనిషిని. కనుక ఇక్కడ ఎవరికీ నీతి చెప్పే అర్హత నాకు లేదు. అయితే ఒక సంగతి. నిజాయితీవల్ల వ్యాపారం పెరిగిందని చెప్పి ముగించేవాళ్ళంటే నాకు అనుమానం. బార్క్లేసు, లాయిడ్సు బ్యాంకులు క్వేకర్లు మొదలుపెట్టినవే, మన పిల్లలు తినే క్యాడ్బరీ కూడా వాళ్ళదే, చూశారా సత్యానికి లాభమే అంటారు. అందరికీ లాభం రాలేదు.

ఎలిజబెత్ ఫ్రై పేరు మీరు విని వుంటారు. లండనులో న్యూగేటు జైల్లో ఆడఖైదీల దుస్థితి 1813లో చూసి, 1817లో వాళ్ళ పిల్లలకు బడి, వాళ్ళకు కుట్టుపని ఏర్పాటు చేసిన ఆవిడ. ఇంగ్లండు వారి అయిదు పౌన్ల నోటుమీద 2002 నుంచి 2017 దాకా ఆవిడ బొమ్మ వుండేది. ఆవిడ భర్త జోసెఫ్ ఫ్రై బ్యాంకు 1828లో దివాలా తీసింది. క్వేకర్లలో దివాలా తీయడమంటే దురదృష్టం మాత్రమే కాదు. తిరిగి ఇవ్వగలవో లేదో చూసుకోకుండా ఇతరుల డబ్బు పుచ్చుకోవడం మాట తప్పడంతో సమానం. ఆయనను సమాజంలోనుంచి తీసేశారు. దేశమంతా పేరున్న భార్య, ఆవిడ చేసిన సేవ, ఏదీ చూడలేదు. పెద్ద ఇల్లు వదిలి చిన్న ఇంట్లోకి మారారు. ఆవిడ అదే సమాజంలో వుంది. తన భర్తను వెలివేసినవాళ్ళ మధ్య కూర్చుని ప్రార్థన చేసింది. జైళ్ళకు వెళ్ళడం మానలేదు. ఇంత కఠినం అక్కరలేదేమో ననిపిస్తుంది నాకు. కాని బ్యాంకులో డబ్బు దాచుకుని పోగొట్టుకున్న చిన్నవాళ్ళ వైపునుంచి చూస్తే మరోలా వుంటుంది.

ఇక మీరు నోరు విప్పి ఔననలేదన్న ముక్క. దీనికి జవాబు క్యాడ్బరీ వారి కథలోనే వుంది. అది వాళ్ళకు గర్వకారణమైన కథ కాదు.

జాన్ క్యాడ్బరీ 1824లో బర్మింగ్‌హాములో చిన్న దుకాణం పెట్టాడు. సారాకు బదులు జనం కాఫీ, కోకో తాగితే మంచిదన్నది ఆయన నమ్మకం. కొడుకుల కాలానికి పెద్ద ఫ్యాక్టరీ అయింది, పనివాళ్ళకు తోటలతో మంచి ఇళ్ళు వచ్చాయి. బానిసత్వాన్ని తిట్టిపోసిన కుటుంబం అది. వాళ్ళ కోకో గింజల్లో పెద్ద భాగం ఆఫ్రికా పడమటి తీరాన పోర్చుగీసువారి సావ్ టోమే దీవులనుంచి వచ్చేది. 1901లో ఆ దీవుల్లో ఒక తోట అమ్మకానికి వచ్చింది. ఆస్తుల జాబితాలో భూమితోపాటు కూలీలకు కూడా ధర కట్టి వుంది. ఆ కాగితం విలియం క్యాడ్బరీ కంటబడింది. కూలీలను అంగోలానుంచి తెచ్చేవారు. పేరుకు కాంట్రాక్టు కూలీలు, వెళ్ళినవాడు తిరిగి ఇల్లు చేరేది లేదు.

వాళ్ళు ఊరుకోలేదు. పోర్చుగీసు ప్రభుత్వంతో మాట్లాడారు. 1905లో ఒక మనిషిని పంపి విచారించారు. 1908లో విలియం స్వయంగా వెళ్ళి వచ్చాడు. కాని ఈ ఏళ్ళన్నీ గింజలు కొంటూనే వున్నారు. కొనడం మానేస్తే మన మాటకు విలువ వుండదు, కొంటూ వుంటేనే ఒత్తిడి తేగలం అని వాళ్ళ వాదన. అందులో కొంత నిజమూ వుండవచ్చు. 1909 మార్చిలో కొనడం మానేశారు. ఈలోగా 1908లో ఒక దినపత్రిక వాళ్ళ నీతిని ఎత్తిపొడుస్తూ రాస్తే పరువునష్టం దావా వేశారు. 1909 డిసెంబరులో బర్మింగ్‌హాములోనే విచారణ జరిగింది. జ్యూరీ క్యాడ్బరీ వారు గెలిచారని చెప్పింది. నష్టపరిహారం ఎంతనుకున్నారు? ఒక ఫార్దింగు. పెన్నీలో నాలుగో వంతు. మన పాత లెక్కలో చెప్పాలంటే దమ్మిడీ అనుకోండి.

వాళ్ళు ఎక్కడా అబద్ధమాడినట్టు రుజువు కాలేదు. తాము కొనే కోకో పరిశుభ్రమైన చేతులమీదుగా వస్తున్నదని జనం అనుకుంటుంటే అనుకోనిచ్చారు. అంతే. ఆ అనుకోనివ్వడం ఖరీదు ఎంతో ఆ పన్నెండుమంది జ్యూరీ సభ్యులు లెక్క కట్టి చెప్పారు.

మీరు టీ గ్లాసులు ఇచ్చి తల వూపారు. టైలరుగారు ఇంటికి వెళ్ళి భార్యతో "ఆయనొక్కరే కాదు, అమ్మగారు కూడా సరేనన్నారు" అని చెప్పి వుంటారు. ఆవిడ గాజులు తీసింది ఆ మాట విన్న తరువాతే. ఇద్దరి పేర వున్న స్థలం గనుక మీ సంతకం లేకుండా అమ్మకం జరగదని మీకు అప్పుడూ తెలుసు. ఇష్టం లేకపోతే ఆ రోజు "నేను ఒకసారి ఆలోచించుకుని చెబుతానండీ" అని వుంటే ఎవరూ తప్పు పట్టేవారు కారు. అసలు ఆ రోజు మీకు ఇష్టమే. ఇష్టం తగ్గింది బ్రోకరు వచ్చిన తరువాత.

ఇది రాస్తుంటే మీమీద కఠినంగా వున్నానేమో ననిపిస్తున్నది. మాస్టారిమీద కూడా నాకు కొంచెం కోపం వుంది. సగం మీది అయిన స్థలానికి, మీతో గదిలోకి వెళ్ళి రెండు నిమిషాలు మాట్లాడకుండా, వసారాలో నిలబడి ధర చెప్పడమేమిటి? "మధ్య కాగితాలెందుకు" అనడం వినడానికి బాగుంటుంది. కాగితం వుంటే ఇప్పుడు మీ ఇంట్లో ఈ తగవు వుండేది కాదు. మాటమీద నిలబడే మనిషి కాగితానికి భయపడనక్కరలేదు. ఈ సంగతి ఆయనతో చెప్పండి. మాట ఇచ్చే ముందు మిమ్మల్ని అడగకపోవడం తప్పేనని ఆయన ఒప్పుకోవాలి. ఒప్పుకున్నంత మాత్రాన ఇచ్చిన మాట పోదు.

యెఫ్తా సంగతి ఎత్తారు. బాగా ఎత్తారు. ఆయన తొందరపడి మొక్కుకున్నాడు, ఖరీదు కూతురు చెల్లించింది. అలాంటి మాట నిలబెట్టుకోవడమే తప్పని నేననుకుంటాను. ఒకరి ప్రాణంమీదికి వచ్చే మాటకు మన్నన అక్కరలేదు. కాని మీ స్థలం వ్యవహారం ఆ కథ కాదు. మీరు నష్టమంటున్న 9 లక్షలు మీ చేతికి ఎప్పుడూ రాలేదు. ఆ మొత్తం పేరు బ్రోకరు నోటినుంచి విన్నారంతే. రాకముందు 18 లక్షలకు మీకు సంతోషమే. అదే గ్రంథంలో యెహోషువ, గిబియోనీయుల కథ కూడా వుంది. వాళ్ళు చిరుగుబట్టలు, ఎండిన రొట్టెలు చూపించి దూరదేశస్థులమని మోసం చేసి అభయం పుచ్చుకున్నారు. మోసమని మూడు రోజుల్లో తెలిసింది. అయినా పెద్దలు ఇచ్చిన మాట తీసేయలేదు. మీ టైలరుగారు మిమ్మల్ని మోసమైనా చేయలేదు. రోడ్డు సంగతి ఆయనకూ తెలియదు. ఇక 15వ కీర్తన మీ ఇంట్లో పిల్లలకు కంఠతా వచ్చి వుంటుంది. నష్టం వచ్చినా మాట మార్చని మనిషిని గురించి అందులో ఏం చెప్పారో నేను ఎత్తి రాయనక్కరలేదు.

ఆయన ఆ స్థలం రేపు 27 లక్షలకు అమ్ముకుంటాడేమో నని రాశారు. అమ్ముకోవచ్చు. అది మీ మనసుకు ఎంత కష్టమో నాకు తెలుసు. దానికి నా దగ్గర మందు లేదు.

టైలరుగారి దగ్గరికి వెళ్ళి పరిస్థితి చెప్పి, కొంచెం పెంచగలరా అని అడగవచ్చునా అన్నారు. అడగడం నేరం కాదు. కాని ఆయన కాదంటే ముఖం ముడుచుకోకుండా ఆ వారమే రిజిస్ట్రారు ఆఫీసుకు నడవగలిగితేనే అడగండి. మీ చేతిలో సంతకం పెట్టుకుని అడిగేది అడగడంలా వుండదు, బెదిరించడంలా వుంటుంది. నన్నడిగితే, గాజులు అమ్ముకున్న ఇంటికి నేను వెళ్ళలేను.

అమ్మాయిని ఈ వ్యవహారంనుంచి దూరంగా వుంచామన్నారు. ఎందుకు? వైద్యం చదవబోతున్న పిల్ల, లెక్కలు చూపిస్తే అర్థం చేసుకోలేదా? రెండేళ్ళ తరువాతి ఫీజులకు బ్యాంకుల్లో విద్యారుణాలు వున్నాయి. చదువు పూర్తయ్యాక వాయిదాలు మొదలవుతాయి. ఏ బ్యాంకు ఎంత వడ్డీ అంటున్నదో నాలుగు చోట్ల ఆ పిల్లనే కనుక్కోమనండి. తన పేర అప్పు వుండబోతున్నప్పుడు, అది ఎందుకు వచ్చిందో తల్లిదండ్రుల నోట వినడం మంచిది. బ్రోకరు మళ్ళీ వస్తే స్థలం అమ్ముడయిందని చెప్పండి. ఇంకా రిజిస్టరు కాలేదు గదా, అబద్ధమవుతుందేమో నని మాస్టారు సందేహిస్తే, మాట ఇచ్చేశామని చెప్పమనండి.

రిజిస్ట్రేషను ఖర్చులు ఎవరు పెట్టుకోవాలని కూడా అడిగారు. వేరే ఒప్పందం లేకపోతే స్టాంపు ఖర్చు కొనేవారిదే. ఇద్దరి పేరా పట్టా గనుక మీరిద్దరూ వెళ్ళవలసి వుంటుంది. ఆధార్, పాన్ కార్డులు, పాత దస్తావేజు అసలుది పట్టుకెళ్ళండి. వీలైతే టైలరుగారి భార్యను కూడా రమ్మనండి.